సుల్తాన్‌బీ ఇచ్చిన ఆరోగ్య రొట్టె

కావలిలో గాజులు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు. గాజులు తొడిగే మనిషి మాత్రం మా సుల్తాన్‌బీ ఒక్కతే. ఈ మాట వింటే మిగతా అంగళ్ళవాళ్ళు నా మీదికి కొట్లాటకొస్తారు. రానివ్వండి. అమ్మడం ఎవరైనా అమ్ముతారు. మన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి కింద కండను మెత్తగా నొక్కి, "మీ అత్త ఊరినుంచి వచ్చిందంట గదా?" అని అడిగి, మనం ఆ కోపంలో ఉండగానే డజను గాజులు మణికట్టుకు ఎక్కించేయడం వేరే విద్య. నొప్పి తెలిసేలోగా పని అయిపోతుంది. అత్తగారి మీద కోపం మాత్రం సాయంత్రం దాకా ఉంటుంది.

నా పేరు క్యాథరిన్. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పొద్దున కావలిలో రైలెక్కి పోతాను, సాయంత్రం తిరిగొస్తాను. డ్యూటీలో గాజులు వేసుకోనివ్వరు కాబట్టి నేను ఆదివారం గాజులదాన్ని. శనివారం సాయంత్రం స్టేషన్ నుంచి నేరుగా సుల్తాన్‌బీ అంగడికి పోయి తొడిగించుకుంటాను, ఆదివారం చర్చిలో గలగలలాడిస్తాను, సోమవారం పొద్దున సబ్బు నురగ పెట్టి ఊడదీస్తాను. ఊడదీయడం నాకూ వచ్చు గానీ తిరిగి ఎక్కించడం నావల్ల కాదు. అందుకే మా స్నేహం ఇన్నేళ్ళుగా వారంవారం సాగుతోంది.

వారంలో ఒకటి రెండు రోజులు ఆమె అంగడి మూసి ఊళ్ళమీదికి పోతుంది. భర్త బడేసాహెబ్ టీవీఎస్ బండి నడుపుతుంటే, గాజుల సరాలు గుత్తులుగా కట్టిన మలారం భుజాన వేసుకుని వెనక కూర్చుంటుంది. సముద్రం ఒడ్డున తుమ్మలపెంట ఆడవాళ్ళంటే ఆమెకు ప్రాణం. వలలు లాగి, చేపలు కోసి, ఆ చేతులు రాళ్ళలా ఉంటాయి. "ఆ చేతులకు తొడిగితేనే గాజులామె. నీ చేతులకు ఎవురైనా తొడగతారు నర్సమ్మా" అని నన్ను ఎత్తిపొడుస్తుంది. ఏ గాజునైనా తొడిగేముందు ఇంకోదానితో తాకించి చెవి దగ్గర పెట్టుకుంటుంది. శబ్దం తేడాగా ఉంటే, కంటికి ఎంత బాగున్నా తీసి పారేస్తుంది. పగులున్న గాజును తెలిసి తెలిసి ఒకరి చేతికి ఎక్కించడం ఆమె దృష్టిలో దొంగతనం కన్నా పెద్ద తప్పు.

రెండేళ్ళ కిందట వేసవిలో ఆమె చేతిలో గాజులు చిట్లడం మొదలైంది.

తొడిగేటప్పుడు చిట్లితే నష్టం అమ్మేవాళ్ళదే. నష్టం మాట అటుంచి, సుల్తాన్‌బీకి అవమానం పట్టుకుంది. ముందు సరుకు మీద పడింది. హోల్‌సేలు వ్యాపారికి ఫోన్ చేసి, "నువ్వు పంపించేది గాజులా, అప్పడాలా?" అని దులిపేసింది. పాపం ఆయన వేరే రకం పంపాడు. అవీ చిట్లాయి. తర్వాత ఒకరోజు ఆమె బజారు నుంచి ఇంటికి ఒక్క చెప్పుతో నడిచొచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో కాలికి తెలియలేదట. బడేసాహెబ్ పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"అక్కా, సోమవారం నాతో రా. మా సంజీవరావు డాక్టరుగారికి చూపిద్దాం" అన్నాను.

"మొహర్రం వస్తా ఉంది గదా నర్సమ్మా. ముందు చెరువుకాడికి పోయి రొట్టె తీసుకుంటా. నీ డాక్టరు ఆ తర్వాతే."

నెల్లూరు రొట్టెల పండగ తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెబుతాను. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువులో, జనం తలమీద గుడ్డ కప్పుకుని మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడతారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెస్తారు. అదే కోరిక ఉన్నవాళ్ళు వాళ్ళ చేతుల్లోంచి తీసుకుని తింటారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సొంతింటి రొట్టె, ఆరోగ్య రొట్టె, అన్నీ ఉంటాయి. తీసుకున్నవాళ్ళ కోరిక తీరితే మరుసటేడు వాళ్ళు రొట్టెతో వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. అందులో దిగేవాళ్ళని నీ మతమేంటని ఎవరూ అడగరు. మా పాస్టరుగారి చెవిన వేయనంటే చెబుతాను, మా తమ్ముడి ఉద్యోగం కోసం నేనూ ఒకసారి దిగాను.

సుల్తాన్‌బీ ఆరోగ్య రొట్టె తీసుకుని, తిని, ఆ వారంలోనే మా ఆసుపత్రికి వచ్చింది. సంజీవరావుగారు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టారు. కాలు ఉలకలేదు, పలకలేదు. నరాల పరీక్షలన్నీ చేయించి, మనందరికీ అర్థమయ్యేలా చెప్పారు. ఒంట్లో రోగాల మీద పోరాడడానికి యాంటీబాడీలని ఉంటాయి. సుల్తాన్‌బీ ఒంట్లోవి శత్రువెవరో తెలియక సొంత నరాల మీదే పడ్డాయి. కరెంటు తీగ పైపొర ఒలిచేసినట్టు నరాల పైపొరను ఒలిచేస్తున్నాయి. వదిలేస్తే పైపొరతో ఆగదు, లోపలి నరమే పాడవుతుంది. అంతదాకా పోతే ఇక ఏ మందూ ఆ చేతుల్ని తిరిగి తేలేదు.

మందు ఏమిటంటే, మళ్ళీ యాంటీబాడీలే. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి ప్లాస్మా తీసి, అందులోంచి వాటిని శుద్ధిచేసి, గాజు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో దాస్తారు. చేతికి సూది పెట్టి, బొట్టుబొట్టుగా, చాలాసేపు ఎక్కిస్తాం. సీసాను ఊపకూడదు, నురగ వస్తుంది. తొందరపడి వేగం పెంచకూడదు, తలనొప్పో చలిజ్వరమో పట్టుకుంటుంది. ఆ మంచి యాంటీబాడీలు లోపలికి పోయి గొడవ చేసేవాటిని చల్లారుస్తాయి. ఎలా చల్లారుస్తాయని అడిగితే డాక్టర్లు నాలుగు రకాలుగా చెబుతారు. చల్లారడం మాత్రం మేము కళ్ళారా చూస్తాం. ఖర్చు సంగతి సర్కారు ఆరోగ్య కార్డూ, వాళ్ళ అల్లుడూ, ఆసుపత్రీ కలిసి ఎలాగో చూసుకున్నారు, దాని జోలికి నేను పోను.

"వేలమందిది అంటే, అందులో మా సాయిబులది కూడా ఉంటదా?" అని సుల్తాన్‌బీ మొదటిరోజే అడిగింది.

"అందరిదీ ఉంటుందక్కా. మా చర్చివాళ్ళదీ ఉంటుంది."

"అయితే రేపట్నుంచి ఆదివారం పాటలు పాడతానేమో చూసుకో" అంది. బడేసాహెబ్ ఇంకా నాలుగాకులు ఎక్కువే చదివాడు. నెలలోపలే ఆమె చేతికి పట్టు తిరిగొచ్చింది. ఆకలి కూడా తిరిగొచ్చింది. "ఎవురో అరవాయనది బాగా కలిసినట్టుండాది సిస్టరూ, పొద్దుగూకులూ కాఫీ కాఫీ అంటా ఉండాది" అని వార్డంతా వినేలా చెప్పాడు.

ఈ జబ్బు ఒక్క విడతతో పోయేది కాదు. మందు బలం తగ్గేకొద్దీ వేళ్ళు మళ్ళీ మొద్దుబారతాయి. అందుకని మూడు నాలుగు వారాలకొకసారి పొద్దున నాతోబాటే రైలెక్కి వచ్చేది. మా వార్డులో ఆ సీసాకు సుల్తాన్‌బీ ఒక్కతే వారసురాలు కాదు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఒళ్ళంతా ఎర్రమచ్చలు తేలినవాళ్ళకు అదే పెడతాం. రాత్రికి రాత్రి కాళ్ళు చచ్చుబడి వచ్చినవాళ్ళకు అదే. ఒకరకం జ్వరంలో గుండె నాళాలు దెబ్బతినే చిన్నపిల్లలకు అదే. మెర్లిన్‌కూ అదే.

మెర్లిన్‌ది వెంకటాచలం. డిగ్రీ చివరి సంవత్సరం. నోరు మూతపడని పిల్ల. పుట్టుకతోనే ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారుకావు. సుల్తాన్‌బీ సైన్యం తిరగబడితే, ఈ పిల్లకు అసలు సైన్యమే లేదు. ఒకరిది అలా, ఇంకొకరిది ఇలా, మందు మాత్రం ఒకటే. నెలనెలా ఇతరులవి అరువు తెచ్చుకుంటేనే జలుబు న్యుమోనియాదాకా పోకుండా ఆగుతుంది. పక్కపక్క మంచాల మీద ఇద్దరూ మధ్యాహ్నం దాకా ముచ్చట్లే ముచ్చట్లు. చేతికి తిరిగి బలం వచ్చాక సుల్తాన్‌బీ మొదట గాజులు తొడిగింది మెర్లిన్ చేతికే, సూది లేని చేతికి. వార్డులో గాజులు కుదరవని నేను మొత్తుకుంటే, ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు.

అలా ఏడాది గడిచింది. మళ్ళీ మొహర్రం వచ్చింది. సుల్తాన్‌బీ రొట్టె కాల్చి తీసుకుని పోయింది. ఇచ్చి వచ్చింది. నాకు చాలా సంతోషమైంది.

ఆ తర్వాతి వారం ఆమె సీసా తేదీ. రాలేదు. ఫోన్ చేస్తే బడేసాహెబ్ ఎత్తాడు. "వాకాడులో వాళ్ళ చెల్లెలి ఇంటికి పోయింది సిస్టరూ." మళ్ళీ చేస్తే, "ఇంకా రాలేదు సిస్టరూ." శనివారం పోతే అంగడి మూసి ఉంది. ఆపై శనివారమూ అంతే. నాకు అనుమానం వచ్చి, ఒక ఆదివారం చర్చి అయ్యాక చెప్పాపెట్టకుండా పోయాను. అంగడి తెరిచే ఉంది. గాజులు తీసి ఇస్తున్నది బడేసాహెబ్. సుల్తాన్‌బీ మూల కూర్చుని, వచ్చినవాళ్ళతో "మీరే తొడుక్కోండమ్మా" అంటోంది. ఆ మాట ఆమె నోట ఇన్నేళ్ళలో నేను వినలేదు.

నేను ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాను. ఆమె నా ముఖం చూసింది, చెయ్యి చూసింది. తప్పదనుకుని ఒక ఎర్ర గాజు తీసుకుంది. గాజు నా బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. ఆమె వేళ్ళు నొక్కుతున్నాయో లేదో నాకే తెలియలేదు, ఇక ఆమెకేం తెలుస్తుంది! గాజు జారి నేలమీద పడింది. బడేసాహెబ్ అటు తిరిగి నిలబడ్డాడు.

"సీసా ఎందుకు ఎక్కించుకోలేదక్కా?"

ఆమె నేలమీది గాజుకేసి చూస్తూ చెప్పింది. "చెరువులో ఒక పిల్ల వచ్చింది నర్సమ్మా. చంకలో బిడ్డ. ఆ బిడ్డకు గుండెలో ఏందో ఉందంట. నా చేతిలో రొట్టె చూసి, 'నీకు పూర్తిగా బాగైందా అమ్మా?' అని అడిగింది. పూర్తిగా బాగైంది తల్లే, తీసుకో అన్నా. ఆ పిల్ల కళ్ళకద్దుకుని, ముక్క తుంచి బిడ్డ నోట్లో పెట్టింది. మళ్ళా వారానికే నేను పోయి ఆ మంచం మీద పడుకుంటే, నేనిచ్చిన రొట్టె ఏం కావాల? అబద్ధపు రొట్టె గదా అది? ఆ బిడ్డకేమన్నా అయితే ఎవురిది పాపం?"

"నీ సూదికీ ఆ బిడ్డ గుండెకీ ఏం సంబంధమక్కా!"

"పగిలిందని తెలిసీ నేను ఎవురికన్నా తొడిగినానా ఇన్నేళ్ళలో? ఇదీ అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరు చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. నరం లోపలిదాకా పాడైతే ఈ చేతులు ఇక రావన్నాను. నీ నరాలకు రొట్టె సంగతి తెలియదన్నాను. అరిచాను కూడా. "నేను చెప్పీ చెప్పీ అలిసిపోయినా సిస్టరూ" అన్నాడు బడేసాహెబ్. దారిపొడుగునా ఏడుస్తూ ఇంటికొచ్చాను. మూర్ఖత్వమని తిట్టుకుందామంటే మనసు రాలేదు. తను మాట తప్పకూడదని చేతులు వదులుకుంటున్న మనిషిని ఏమని తిడతాం?

నా నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటికి వార్డులో ఈ కథ తెలియనివాళ్ళు లేరు.

కొన్నాళ్ళకు ఆమె గుమ్మం దగ్గర కాలు పట్టు తప్పి పడింది. బడేసాహెబ్ ఇక ఊరుకోలేదు, బలవంతాన వార్డుకు తెచ్చాడు. "చూపించుకుని పోతా. సీసా మాటెత్తితే లేచి పోతా" అని గుమ్మంలోనే షరతు పెట్టింది. సంజీవరావుగారు నెమ్మదిగా చెప్పారు, గట్టిగా చెప్పారు. ఆమె అన్నిటికీ తల ఊపింది, దేనికీ ఒప్పుకోలేదు. ఆ రోజు మెర్లిన్ వంతు కూడా. పక్క మంచం మీద ఒక చేతికి సీసా ఎక్కుతుంటే ఇంకో చేత్తో బిస్కెట్లు తింటోంది.

"ఆంటీ, ఆరోగ్య రొట్టె ఎవురియ్యచ్చు?" అని అడిగింది.

"బాగైనోళ్ళు."

"సూదులన్నీ మానేసినోళ్ళా?"

"ఊఁ."

"అయితే నేను ఎప్పటికీ ఇయ్యలేను." మెర్లిన్ బిస్కెట్టు నమలడం ఆపింది. "నాకు పుట్టినప్పట్నుంచీ ఇదే గదా ఆంటీ. ముసిలిదాన్నయ్యేదాకా ఇదే. మొన్న కాలేజీలో త్రోబాల్ ఆడి కప్పు తెచ్చినా. అయినా నేను రోగిష్టిదాన్నేనా?"

ఆ పిల్ల ఏడవడం లేదు, ఎత్తిపొడవడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. సుల్తాన్‌బీకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎవురన్నారు మే ఆ మాట? వాళ్ళ నోరు పడిపోను. నీ చెయ్యి పట్టుకుని చూసినాను నేను. ఊరందరి చేతులూ పట్టుకుంటాను, నాకు తెలవదా? నీకేం తక్కువ? నువ్వు బాగుండావు. నూరేళ్ళు బాగుంటావు."

"మరి మీరు?" అంది మెర్లిన్.

సుల్తాన్‌బీ మెర్లిన్‌నీ, ఆమె తలమీద వేలాడుతున్న సీసానీ మార్చి మార్చి చూసింది. తను బాగాలేనంటే ఈ పిల్లా బాగాలేనట్టే. ఈ పిల్లను బాగాలేదనడానికి ఆమెకు నోరు రావడం లేదు. వెళ్ళి ఖాళీ మంచం మీద కూర్చుని, చేతిమీది ముసుగు పైకి లాగి, నాకేసి చెయ్యి చాపింది. "పొడువు నర్సమ్మా. నొప్పి లేకుండా పొడువు, ఎట్టాగూ నా అంత పనితనం నీకు లేదు." ఆమె మనసు మార్చుకునేలోగా ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి సూది పెట్టాను.

మందు మానకముందున్న స్థితికి మళ్ళీ రావడానికి నెలలు పట్టింది. ఎడమచేతి చివరి వేళ్ళు రెండూ ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. మిగతా వేళ్ళతోనే సర్దుకుని తొడుగుతోంది. తుమ్మలపెంట ఆడవాళ్ళకు తేడా తెలియదు, నాకు తెలుసు.

ఈ ఏడు మొహర్రానికి నేను సెలవు పెట్టి వెంట పోయాను. మెర్లిన్‌ను మాత్రం రానివ్వలేదు. ఆ జనంలో, ఆ నీళ్ళలో ఏదైనా అంటుకుంటే ఎవరు చూసుకుంటారు? అలిగింది. "నీ రొట్టె కూడా నేనే ఇస్తాలే" అని సుల్తాన్‌బీ రెండు రొట్టెలు కాల్చింది. నీళ్ళలో దిగాక ముందు బిడ్డ ఉన్న ఆ పిల్ల కోసం వెతికింది. ఆమెకు నిజం చెప్పాలట. అంత జనంలో ఎక్కడ కనిపిస్తుంది?

తర్వాత రొట్టె చేతబట్టి నిలబడింది. ఒకామె వచ్చి చెయ్యి చాపింది.

"ముందే చెబతా ఉండానమ్మా. నాకు నెలనెలా సూది ఎక్కతాది. ఎక్కించుకుంటే బాగుంటా, పని చేసుకుంటా. మానుకుంటే పడిపోతా. ఇదీ నా బాగు. కావాలంటే తీసుకో."

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "పూర్తిగా తగ్గినోళ్ళ కాడ తీసుకుంటాలే" అని పక్కకు పోయింది. ఇంకొకామె విని, ఇంకో రొట్టె వెతుక్కుంటూ పోయింది. సుల్తాన్‌బీ ముఖం చిన్నబోయింది. ఎవరితోనైనా కొట్లాట పెట్టుకుందామని నా నోరు దురదపెట్టింది. అప్పుడు, బక్కగా, తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఒకడు నీళ్ళు తోసుకుంటూ ఎదురుగా వచ్చాడు. వాకాడు దగ్గర పల్లెట, పేరు హజరత్తయ్య.

"నెలకొకసారేనా అమ్మా?" అన్నాడు.

"అవునయ్యా."

"నాకు వారానికి మూడు మాట్లు కిడ్నీ మిషను. దాని మీద నుంచి లేచి పోయి రొయ్యల గుంటకు కాపలా కాస్తా. పూర్తిగా తగ్గడమంటావా, అది ఈ జన్మలో నాకు రాసిపెట్టి లేదు. నీ అంత బాగైతే నాకు చాలు తల్లే, ఇటియ్యి."

సుల్తాన్‌బీ ఆ రొట్టెను రెండు చేతులతో ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన అక్కడే నిలబడి తిన్నాడు. తిని, ఆమె చంకలోని రెండో మూటకేసి చూశాడు.

"అదెవురిది?"

"మా మెర్లిన్‌ది. చదువుకునే పిల్ల. దానికి పుట్టినప్పట్నుంచీ సూదే. అయినా బాగుండాది."

"అయితే అదీ ఇటియ్యి. మా ఇంటామెకు షుగరు" అన్నాడు హజరత్తయ్య.

సుల్తాన్‌బీ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే మూట విప్పింది, విప్పుతూనే ఏడ్చింది. నేను కూడా ఆ నీళ్ళలోనే నిలబడి ఏడ్చాను.